ఎనిమిది పేర్లు, వందల కళ్ళు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్‌లో దిగి ఏ సందులోకి తిరిగినా కోచింగ్ సెంటర్ బోర్డులు కనిపిస్తాయి. అక్కడ నీట్‌కు చదివే పిల్లలకు పదకొండో తరగతి జీవశాస్త్రంలో జంతు ప్రపంచం గురించి ఒక పాఠం ఉంటుంది. అందులో మొలస్కా వర్గానికి దక్కిన చోటు చాలా తక్కువ. కొన్ని వాక్యాలు, చివర ఎనిమిది ఉదాహరణలు: పైలా, పింక్టాడా, సెపియా, లొలైగో, ఆక్టోపస్, అప్లీసియా, డెంటాలియం, కీటోప్లూరా. ఏ పేరు ఏ జంతువుదో జతపరచమని ప్రశ్న రావచ్చు కాబట్టి పిల్లలు వీటిని కంఠతా పట్టేస్తారు. ఈ ఎనిమిదింటిలో ఏది ఎలా చూస్తుందో, దేనికి అసలు కన్నే లేదో చెప్పే తీరిక పాఠానికీ లేదు, పాఠం చెప్పేవారికీ లేదు. ఇది పెద్ద లోటే. కన్ను ఎలా పుట్టింది, ఎన్ని రకాలుగా మారింది అన్న ప్రశ్నలకు శాస్త్రవేత్తలు వెతికిన జవాబుల్లో చాలా భాగం ఇలాంటి వెన్నెముక లేని జీవుల దగ్గరే దొరికింది.

జాబితాలో మొదటి పేరునే తీసుకుందాం. పైలా అంటే మన చెరువుల్లో, వరిమళ్ళలో ఉండే గుండ్రటి నీటి నత్త. గోదావరి జిల్లాల్లో కూర వండుకునేది దీన్నే. ఒకప్పుడు డిగ్రీ జువాలజీ ప్రాక్టికల్స్‌లో దీన్ని కోసి, నాడీవ్యవస్థను పైకి తీసి, చార్టు గీసి చూపించాల్సి వచ్చేది. అలా కోసినవారికి ఆస్ఫ్రేడియం అన్న మాట ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. లోపలికి వచ్చే నీరు మంచిదా, చెడిందా, అందులో బురద ఎంతుంది అని రుచి చూసి చెప్పే అవయవం అది. కాలి కండరాల దగ్గర స్టాటోసిస్ట్ అనే చిన్న తిత్తి ఉంటుంది. అందులో సున్నపు రేణువులు ఎటు జారితే కింది దిక్కు అటని నత్తకు తెలుస్తుంది. తల ముందు పొడవాటి స్పర్శకాలు తడుముతూ, వాసన పడుతూ సాగుతాయి. వాటి వెనక పొట్టి కాడల మీద రెండు నల్లటి చుక్కలు. అవే కళ్ళు.

ఆ నల్లటి చుక్కను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఈ కుటుంబపు నత్తల కంట్లో ముందు కార్నియా, దాని వెనక కటకం, ఆ వెనక రెటీనా, అక్కడి నుంచి మెదడుకు వెళ్ళే దృశ్యనాడి అన్నీ ఉంటాయి. అంటే మనిషి కంటి లాంటి కెమెరా తరహా నిర్మాణమే. మనిషి కన్ను పోతే మళ్ళీ రాదు. నత్తకు వస్తుంది. పైలాకు దగ్గరి చుట్టమైన దక్షిణ అమెరికా నత్త పోమేసియా మీద అలిస్ అకోర్సీ బృందం చేసిన పరిశోధన 2025లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చింది. కంటిని పూర్తిగా కత్తిరించేస్తే 24 గంటల్లో గాయం మూసుకుంటుంది. కొత్త కణాలు అక్కడికి చేరి విభజన చెందుతాయి. దాదాపు 15 రోజులకు కటకం, రెటీనా, దృశ్యనాడి సహా అన్ని భాగాలూ ఏర్పడతాయి. నెల తిరిగేసరికి నత్త తల మీద కొత్త కన్ను ఉంటుంది. ఆ కొత్త కన్ను నిజంగా చూస్తుందా అన్నది మాత్రం ఇంకా రుజువు కావాలి. నత్తలకు తల తెగినా మళ్ళీ వస్తుందని ఇటలీ శాస్త్రవేత్త స్పల్లాంజానీ 18వ శతాబ్దంలోనే రాశాడు. అప్పుడు చాలామంది నమ్మలేదు. ఇప్పుడు అది ఏ జన్యువుల పనో ఒక్కొక్కటిగా తేలుతోంది.

అకోర్సీ బృందం నత్తలో పాక్స్6 అనే జన్యువును పనిచేయకుండా ఆపి చూసింది. పుట్టిన పిల్లనత్తలకు కళ్ళు లేవు. ఈ జన్యువు మనిషిలోనూ ఉంది. అందులో లోపం ఉంటే కంటిపాప చుట్టూ రంగు వలయం లేకుండా పుట్టే జబ్బు వస్తుంది. ఈగల్లోనూ ఇదే జన్యువు.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోయినా దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల తోపుడుబండ్లకు కొదవ లేదు. ఏ బండి మీదైనా మగ్గిన అరటిపండ్ల చుట్టూ ముసిరే చిన్న ఈగల్లో డ్రోసోఫిలా తప్పకుండా ఉంటుంది. ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ సహా ప్రపంచంలోని జన్యుశాస్త్ర ప్రయోగశాలలు దశాబ్దాలుగా పెంచుతున్న ఈగ ఇదే. దాని ఒక్కో కంట్లో సుమారు 750 చిన్న కళ్ళు తేనెపట్టులా పేర్చి ఉంటాయి. 1995లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ గేరింగ్ బృందం ఎలుక పాక్స్6 జన్యువును ఈగలో వేరే చోట్ల పనిచేసేలా చేసింది. ఈగకు కాలి మీద, రెక్క మీద కళ్ళు మొలిచాయి. ఎలుక జన్యువే అయినా మొలిచింది ఎలుక కన్ను కాదు, ఈగ కన్నే. ‘ఇక్కడ కన్ను కట్టు’ అన్న ఆదేశం అంత పాతది, అందరికీ ఒకటే. కట్టే తీరు మాత్రం ఏ వంశానిది ఆ వంశానిదే.

ఇన్ని తీర్లు ఎలా సాధ్యమయ్యాయి? కంటి లాంటి పరిపూర్ణమైన అవయవం చిన్న చిన్న మార్పులతో ఏర్పడిందంటే నమ్మడం కష్టమని డార్వినే 1859లో ఒప్పుకుని, ఎలా ఏర్పడి ఉంటుందో ఆ వెంటనే వివరించాడు. 1994లో స్వీడన్ శాస్త్రవేత్తలు డాన్ ఎరిక్ నిల్సన్, సుసానే పెల్గర్ లెక్కకట్టి చూపారు. కాంతిని పసిగట్టే చదునైన చర్మపు ముక్క, ఒక్కో అడుగుకు ఒక్క శాతం మార్పుతో, కటకం ఉన్న చేప కన్నుగా మారడానికి నిరాశావాదంగా లెక్కవేసినా నాలుగు లక్షల తరాలు పట్టదని తేల్చారు. భూమి వయసుతో పోలిస్తే అది రెప్పపాటు. ఆ దారిలోని ఒక్కో మజిలీ ఈనాటికీ మొలస్కాల్లోనే బతికి కనిపిస్తుంది. లింపెట్ అనే సముద్రపు నత్తకు ఉన్నది గుంటలాంటి కన్ను. ఆక్టోపస్ బంధువైన నాటిలస్‌కు కటకమే లేదు, సూదిబెజ్జం లాంటి రంధ్రంలోంచి సముద్రపు నీరు నేరుగా కంట్లోకి వస్తుంది. ఇవి సగంలో ఆగిపోయిన కళ్ళు కావు. ఆ జీవి బతుకుకు ఏది చాలునో అదే ఉంది.

కన్ను ఊరికే రాదు. రెటీనా కణాలు విశ్రాంతిలో ఉన్నా శక్తిని తింటూనే ఉంటాయి, ఆ సమాచారాన్ని అర్థం చేసుకునే మెదడుకు ఇంకా ఎక్కువ మేత కావాలి. అందుకే అవసరం లేనిచోట కన్ను పోతుంది. జాబితాలో ఏడో పేరు డెంటాలియం. ఏనుగు దంతం ఆకారపు గుల్లలో, ఇసుకలో తలకిందులుగా కూరుకుని బతుకుతుంది. దానికి కళ్ళు లేవు. దారాల్లాంటి సన్నటి స్పర్శకాలను ఇసుకలోకి చాచి, తడిమి, తిండి వెతుక్కుంటుంది. ఆరో పేరు అప్లీసియాకు కళ్ళున్నాయి కానీ అవి బొమ్మను పట్టడంలో అంతంతమాత్రమే. వాటి అసలు సత్తా వేరు. అప్లీసియా కంటిని తీసి పాత్రలో, కటిక చీకట్లో ఉంచినా అది పగలూ రాత్రీ లయను తప్పకుండా నాడీ సంకేతాలు పంపుతూనే ఉందని 1969లో జేమ్స్ జాక్లెట్ చూపించాడు. ఆ కన్ను ఒక గడియారం కూడా. ఇదే జంతువు నాడుల మీద జ్ఞాపకశక్తి గురించి పరిశోధించి ఎరిక్ కాండెల్ 2000లో నోబెల్ అందుకున్నాడు.

చివరి పేరు కీటోప్లూరా ఒక కైటాన్. వీపున ఎనిమిది పలకల గుల్లతో రాళ్ళకు అతుక్కుని ఉండే జీవి. కైటాన్ల వంశంలో కొన్నిటికి తల మీద కాదు, వీపు మీది గుల్లలోనే వందలాది చిన్న కళ్ళుంటాయి. వాటి కటకం మాంసకృత్తులతో కాదు, అరగొనైట్ అనే ఖనిజంతో తయారైంది. గుల్ల కూడా దాంతో చేసిందే. చూపుకు, కవచానికి ఒకటే రాయి. వెస్టిండీస్ కైటాన్ ఒకదానిపై డేనియల్ స్పైజర్ చేసిన ప్రయోగం 2011లో వచ్చింది. పైన కాంతిని మొత్తంగా తగ్గిస్తే కైటాన్ పట్టించుకోలేదు. అదే మేర కాంతిని తగ్గించే నల్లటి వృత్తాన్ని చూపగానే గబుక్కున రాతికి కరుచుకుంది. అంటే అది చీకటిని మాత్రమే కాదు, ఆకారాన్ని కూడా చూస్తోంది. కైటాన్లలో చూపు వేర్వేరుగా నాలుగుసార్లు పుట్టిందని 2024లో మరో అధ్యయనం చెప్పింది.

ముత్యపుచిప్ప పింక్టాడాకు దూరపు బంధువైన స్కాలప్‌కు గుల్ల అంచు పొడవునా 200 దాకా కళ్ళుంటాయి. ఒక్కో కన్ను ఒక బుల్లి దర్పణ టెలిస్కోపు. వెలుగును కేంద్రీకరించేది కటకం కాదు, వెనకనున్న గ్వానిన్ స్ఫటికాల అద్దమని మైకేల్ లాండ్ 1965లో కనిపెట్టాడు.

సెపియా దగ్గర కాస్త ఆగాలి. విశాఖ రేవు నుంచి కోల్డ్ స్టోరేజీలకు, అక్కడి నుంచి ఎగుమతికి వెళ్ళే కటిల్‌ఫిష్ ఇదే. చిలకల పంజరంలో సున్నం కోసం కట్టే తెల్లటి ముక్క దీని వీపు లోపలి గుల్లే, పచారీ కొట్లో సముద్రపు నురుగు పేరుతో దొరుకుతుంది. సెపియా కంటిపాప ఆంగ్ల అక్షరం డబ్ల్యూ ఆకారంలో ఉంటుంది. మన కంట్లో నరాలు రెటీనాకు ముందు పరుచుకుని, ఒకచోట గుచ్చుకుని వెనక్కి పోతాయి. అందుకే మనకు అంధబిందువు ఉంది. సెపియాకు, ఆక్టోపస్‌కు నరాలు వెనకనుంచే వెళ్తాయి, కాబట్టి ఆ లోటు లేదు. చిత్రమేమిటంటే రెప్పపాటులో చర్మం రంగు మార్చేసే ఈ జంతువు కంట్లో ఒకటే రంగు గ్రాహకం ఉంది. మన లెక్కలో అది రంగుల గుడ్డిది. దానికి బదులు, మనకు కనబడని కాంతి ధ్రువణాన్ని అది చూడగలదు.

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో సెపియాలకు ఎరుపు, నీలం త్రీడీ కళ్ళద్దాలు పెట్టి రొయ్య సినిమా చూపించారు. రెండు కళ్ళకూ చూపే బొమ్మల మధ్య దూరం మార్చి రొయ్య తెరకు ముందున్నట్టు భ్రమ కల్పిస్తే సెపియా వెనక్కి జరిగింది, తెర వెనకున్నట్టు చేస్తే ముందుకు వచ్చింది. తర్వాత స్పర్శకాలు విసిరింది. రెండు కళ్ళ చూపును పోల్చి దూరం కొలిచే విద్య సెపియాకూ ఉందని దాంతో తేలింది.

ఆక్టోపస్‌ది ఇంకో లోకం. దాని యాభై కోట్ల నాడీకణాల్లో మూడింట రెండు వంతులు మెదడులో కాక చేతుల్లోనే ఉన్నాయి. ఒక్కో చూషకం తాకుతూనే రుచి చూస్తుంది. ఆ పనిచేసే గ్రాహకాలను 2020లో గుర్తించారు. రాతిబొరియలోకి చెయ్యి చాచినప్పుడు దానికి చూపుతో పనిలేదు.

ఇంత దూరం సముద్రాలు దాటి వెళ్ళక్కర్లేదు. చైతన్యపురిలో ఏ హాస్టల్ గోడ మీదైనా కందిగింజంత సాలీడు ఒకటి గెంతుతూ కనిపిస్తుంది. గూడు అల్లి కూర్చునే రకం కాదు, పిల్లిలా పొంచి దూకే రకం. కళ్ళు ఎనిమిది. పక్కలనున్న చిన్న కళ్ళు కదలికను కనిపెడతాయి. వేలు కొంచెం పక్కగా ఆడిస్తే అది గిర్రున తిరిగి ముందున్న రెండు పెద్ద కళ్ళతో నేరుగా చూస్తుంది. ఆ పెద్ద కళ్ళ కటకం కదలదు, దాని వెనక గొట్టం చివరనున్న రెటీనా మాత్రం కండరాలతో అటూ ఇటూ తిరుగుతూ ఎదుటి వస్తువును ముక్కముక్కగా పరిశీలిస్తుంది. రెటీనాలో నాలుగు పొరలు. ఆకుపచ్చ కాంతి ఒక పొర మీద స్పష్టంగా, మరో పొర మీద మసకగా పడుతుంది. ఆ మసక ఎంతుందో చూసి దూకాల్సిన దూరం లెక్కగడుతుందని జపాన్ పరిశోధకులు 2012లో నిరూపించారు. వాళ్ళు వాడింది హసారియస్ ఆడన్సోనీ, వెచ్చటి దేశాల ఇళ్ళలో తిరిగే మామూలు సాలీడు. ఆకుపచ్చ దీపం కింద అది గురితప్పకుండా దూకింది. ఎర్ర దీపం కింద ఎరకు ఇవతలే, తక్కువ దూరంలో పడింది. ఆవగింజలో పట్టే మెదడు చేసే లెక్క ఇది.

ఎల్బీనగర్ దాటి వనస్థలిపురం వైపు వెళ్తే హరిణ వనస్థలి జాతీయ పార్కు వస్తుంది. అందరూ కృష్ణజింకలను చూడడానికే వెళ్తారు. వాన వెలిసిన సాయంత్రం తల పైకెత్తితే తూనీగల గుంపులు కనిపిస్తాయి. వాటిలో ఒక్కో కంట్లో 30,000 దాకా చిన్న కళ్ళుండే జాతులున్నాయి. గాల్లో ఎగిరే ఎరను అవి పట్టుకునే తీరు ఏ పులికీ రాదు.

తేలు మాట చెప్పకపోతే మనవాళ్ళ పని చెప్పనట్టే. తేలుకు నడినెత్తిన రెండు కళ్ళు, పక్కల మరికొన్ని ఉంటాయి. అన్నీ ఉన్నా దాని తోకలోని నాడీవ్యవస్థ కూడా నేరుగా వెలుతురును గ్రహిస్తుందని గీతాబాలి, కె. పంపాపతిరావు 1973లో జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ బయాలజీలో ప్రకటించారు. పంపాపతిరావు అంతకుముందు తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగంలో జంతుశరీరధర్మ పరిశోధనకు పునాది వేసినవారు. నత్తలు, ఆల్చిప్పలు, తేళ్ళ నాడుల మీద, వాటి దినచర్య లయల మీద అక్కడ ఒక తరం పరిశోధకులు తయారైంది. తేలు కంటితోనే కాక తోకతో కూడా వెలుతురును పసిగట్టగలదన్న సంగతికి దక్షిణ భారతం నుంచి కూడా ఆధారం చేరింది. మన పాఠ్యపుస్తకాల్లో ఆ పేర్లకు ఒక్క వాక్యమైనా దక్కాలి.

ఇక రొయ్య. ఆదివారం ఉదయం దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా ఎల్బీనగర్‌లోనైనా చేపల కొట్టు ముందు నిలబడేవారిలో సగంమంది చూపు రొయ్యల మీదే ఉంటుంది. తల తీయించే ముందు ఒక్క రొయ్యను భూతద్దం కింద పెట్టి చూడాలి. కాడ చివరనున్న నల్లటి కన్ను మీద గళ్ళు కనిపిస్తాయి. ఈగకు, తేనెటీగకు ఆ గళ్ళు షట్కోణాలు. రొయ్యకు చతురస్రాలు, గ్రాఫు కాగితంలా. కారణం 1970ల్లో తెలిసింది. ఒక్కో గడి ఒక నలుచదరపు అద్దాల పెట్టె. నాలుగు గోడల మీద తళుక్కున తగిలిన కిరణాలన్నీ లోపల ఒకే బిందువుకు చేరతాయి. వేల గళ్ళు పోగుచేసిన వెలుగు ఒకచోట పడుతుంది కాబట్టి బురదనీటిలో, మసకచీకట్లో కూడా చూపు ఆనుతుంది. రాత్రిపూట చెరువు మీద టార్చి వేస్తే రొయ్యల కళ్ళు నిప్పుకణికల్లా మెరుస్తాయి. ఇదే అమరికతో ఎక్స్‌రే టెలిస్కోపు కట్టవచ్చని 1979లో రోజర్ ఏంజెల్ ప్రతిపాదించాడు. మామూలు కటకాలు ఎక్స్‌రేలను వంచలేవు, ఈ అద్దాల గళ్ళు మళ్ళిస్తాయి. 2024 జనవరిలో చైనా ప్రయోగించిన ఐన్‌స్టీన్ ప్రోబ్ ఉపగ్రహంలో ఉన్నది ఆ తరహా కన్నే.

దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఆ చెరువుల్లో వదిలే పిల్ల హేచరీల నుంచి వస్తుంది. రొయ్యల హేచరీల్లో ప్రపంచమంతటా ఒక పద్ధతి పాతుకుపోయింది. తల్లిరొయ్య ఒక కంటికాడను నొక్కో, కత్తిరించో, కాల్చో తీసేస్తారు. ఆ కాడలో ఉన్నది చూపు ఒక్కటే కాదు. గుడ్లు పండకుండా ఆపే హార్మోన్‌ను విడుదల చేసే గ్రంథి కూడా అక్కడే ఉంది. ఫ్రాన్స్ శాస్త్రవేత్త పనూజ్ 1943లో ఈ సంబంధాన్ని కనిపెట్టాడు. కాడ పోతే ఆ అడ్డు తొలగి, రొయ్య రోజుల్లోనే గుడ్లకు వస్తుంది. హేచరీకి లెక్క కుదురుతుంది. దాని ధర మాత్రం రొయ్య చెల్లిస్తుంది: ఒక కన్ను, దాంతోపాటు ఒంటి ధర్మాలను అదుపులో ఉంచే హార్మోన్ల మూలాల్లో ఒకటి.

నొప్పి తెలియని ప్రాణి కదా అని సరిపెట్టుకోవడానికి ఇప్పుడు వీల్లేదు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో జొనాథన్ బర్చ్ నాయకత్వంలోని బృందం వందలాది అధ్యయనాలను జల్లెడ పట్టి, రొయ్యలు, పీతలు, ఆక్టోపస్‌లు, సెపియాలు బాధను అనుభవించగల ప్రాణులుగానే చూడాలని 2021లో సిఫారసు చేసింది. బ్రిటన్ 2022 చట్టంలో వాటికి చోటిచ్చింది. మన దేశం వెనకబడి లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మనిషి కాని ప్రతి ప్రాణినీ జంతువుగానే నిర్వచించింది. నత్త, రొయ్య, సాలీడు అన్నీ ఆ నిర్వచనంలోకి వస్తాయి.

కాడ తీయకుండానే వనామీ రకం రొయ్యలతో గుడ్లు పెట్టించవచ్చని సిమావ్ జకారియాస్ బృందం 2019 నుంచి వరుస పరిశోధనల్లో చూపించింది. తల్లులకు మంచి మేత, ముందస్తు సంరక్షణ, కొంచెం ఓపిక కావాలి. అలాంటి తల్లుల పిల్లలు తెల్లమచ్చ వైరస్‌ను, బ్యాక్టీరియా రోగాలను మెరుగ్గా తట్టుకున్నాయి కూడా. తెల్లమచ్చకు చెరువులకు చెరువులు పోగొట్టుకున్న కోస్తా రైతుకు ఈ మాట విలువ వేరే చెప్పక్కర్లేదు. తల్లిరొయ్య కన్ను తీయని పిల్లే కావాలని రైతు అడగాలి, ఎగుమతిదారు అడగాలి, కొని తినేవాళ్ళూ అడగాలి. అడిగేవాళ్ళుంటే హేచరీలు మారతాయి.